మూడు దాటని నొప్పి

మార్చి 2

సందేహాల మరదలా,

ఇక నుంచి ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాసుకుందాం. నవ్వకు. ఫోన్ ఎత్తి "బాగానే ఉన్నానే" అనడం ఆలస్యం, నా గొంతులో నొప్పి ఎక్కడ దాచానా అని నువ్వు వెతకడం మొదలుపెడతావు. అది దాచడానికి నేను గొంతు పెంచుతాను. పక్క గదిలోంచి మీ అన్న "ఎవరితో పోట్లాట?" అంటాడు. ముగ్గురికీ ఆయాసం. ఉత్తరంలో అయితే నేను రాసిందే నువ్వు చదువుతావు.

రెండో కీమో కూడా అయింది, ఇరవై నాలుగున. ఆరింట్లో రెండు. ఆ రోజు పెద్ద కష్టమేం లేదు. కుర్చీలో వెనక్కి వాల్చి, సూది గుచ్చి, నాలుగు గంటలు చుక్కలు లెక్కపెట్టుకోమంటారు. అసలు వేడుకంతా దాని పక్కన ఇచ్చే మందులది. వాంతులు రాకుండా, ఒళ్ళు దద్దుర్లెక్కకుండా స్టీరాయిడ్ మాత్రలు మూడు రోజులు. అవి పడ్డాయంటే ఒంట్లో మోటారు బిగించినట్టే. కర్టెన్లన్నీ దింపి ఉతికాను. పొద్దున్నే నాలుగు గుడ్లు తిన్నాను. మీ అన్న పనిముట్ల పెట్టె బోర్లించి రెంచీలన్నీ సైజుల వారీగా పేర్చాను. సాయంత్రం ఆ ప్లంబరు మహాశయుడు వచ్చి చూసి, "అయిపోయింది, ఇక నాకేదీ దొరకదు" అని తల పట్టుకు కూర్చున్నాడు. నాలుగో రోజుకి మోటారు ఆగిపోతుంది. నేను గోడకి చేరబడతాను.

కీమో మర్నాడు పొట్ట మీద ఇంకో చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. కీమో ఒంట్లో తెల్లకణాల్ని ఊడ్చేస్తుంది కదా, వాటిని మళ్ళీ గబగబా పుట్టించడానికి. అది లేకపోతే కణాలు చాలక తర్వాతి కీమో వెనక్కి పోతుందట. దాని ఖరీదు ఏమిటంటే, రెండు రోజులకి నడుమూ, తుంటి ఎముకలూ, రొమ్ముల మధ్య ఎముకా నొప్పి పెడతాయి. కణాలు పుట్టేది ఎముకల్లోపలే కాబట్టి. నర్సు ముందే చెప్పింది. రోజూ నొప్పి పదికి ఎంతో రాసుకోమని ఒక కాగితం కూడా ఇచ్చింది. రాస్తున్నాను. మూడు. అన్ని రోజులూ మూడే. కాబట్టి నీ గుండెని దాని చోట ఉండనీ.

ఫ్యాక్టరీ వాళ్ళు సెలవిచ్చారు. ఇరవై ఆరేళ్ళుగా మందు సీసాలు వెలుతురుకి పట్టి చూసిన నా తనిఖీ బల్లని ఖాళీగానే ఉంచారట. తిరిగి వస్తానని వాళ్ళకున్న నమ్మకం నీకూ ఉంటే బావుండు.

గుడ్లు మిగల్చని
మీ వదిన


మార్చి 8

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఎర్ర కలం చేతిలో ఉండగానే కవరు చింపాను, దాని అంచు మీద పొరపాటున ఒక సున్నా పడింది. నీ ఉత్తరానికి మార్కులు వేస్తున్నానని అనుకోకు.

"మూడు" అన్న మాట చదివాక ప్రాణం లేచొచ్చింది. తర్వాత, అలవాటు ప్రకారం, ఆ ఊరట మీద అనుమానం వచ్చింది. నీకు నొప్పి తక్కువగా ఉందని సంతోషించానా, లేక నేను ఇప్పటికిప్పుడు బయల్దేరక్కర్లేదని సంతోషించానా? రెండూ కొంత కొంత అయి ఉంటాయి. నీతో కాకపోతే ఇలాంటివి ఎవరితో ఒప్పుకోను?

నొప్పి మూడే అయితే కాస్త నడువు వదినా. కదలకుండా ఉంటే ఇంకా బిగుసుకుంటుందని ఎక్కడో చదివాను. ఇంటి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి రా. ఎంత దూరమని, పది నిమిషాలు.

ఇక్కడ విశేషాలు చెప్పుకోదగ్గవి లేవు. కాలేజీ క్వార్టర్‌లో వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. అన్నయ్య అయితే రెండు నిమిషాల్లో బాగు చేసేవాడు. మా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటుకి కొత్త బల్లలు వచ్చాయి, కుర్చీలు రాలేదు. పొద్దున తలుపు తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదో చూసుకోవడానికి వెనక్కి వచ్చాను. వేసే ఉంది. ఎప్పుడూ వేసే ఉంటుంది. ఆ సంగతి తాళానికి తెలుసు, నాకే తెలీదు.

సెలవు పెట్టి రానా? రమ్మంటేనే వస్తాను.

నీ
సందేహం


మార్చి 24

ఓ సందేహం,

మూడోది అయింది. ఇది నిలబడి రాస్తున్నాను. ఇస్త్రీ బల్ల ఎత్తు సరిగ్గా సరిపోయింది. కూర్చోవడం కన్నా ఇదే హాయిగా ఉంది. నువ్వూ ప్రయత్నించు, మీకు కుర్చీలు రాలేదన్నావుగా.

నడవమన్నావు, నడిచాను. మొన్న శుక్రవారం ఇంజెక్షన్ అయిన రెండో రోజు, గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ తన కుర్చీ తెచ్చి వేశాడు, "అమ్మగారూ, తెల్లగా పాలిపోయారేంటి" అంటూ. నేను తెల్లబడటానికే ఇంజెక్షన్ తీసుకున్నానయ్యా అన్నాను. అతనికి అర్థం కాలేదు, నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. తిరుగు ప్రయాణం మీ అన్న వ్యాన్‌లో, వెనకాల పైపుల మధ్య, పడుకుని.

మంచం ముందు గదిలోకి మార్చాం. గాలి బాగా వస్తుందని. మీ అన్న బాత్రూమ్ గోడకి నడుము ఎత్తున ఒక లావుపాటి పైపు బిగించాడు. ఎందుకయ్యా అంటే తువ్వాలు ఆరేసుకోవడానికి అన్నాడు. ఆ పైపు మీద ఏనుగుని ఆరేసుకోవచ్చు.

నొప్పి సంగతి అడుగుతావని ముందే రాస్తున్నాను. గురువారం మూడు, శుక్రవారం మూడు, శని మూడు, ఆది మూడు, నిన్న మూడు. నర్సుకి కాగితం చూపిస్తాను. "పర్లేదే, బాగా ఓర్చుకుంటున్నారు" అంటుంది.

రావద్దు. నువ్వొస్తే నిన్ను చూసుకోవడం నా పని అవుతుంది. నీకు ఒకటికి పదిసార్లు సర్దిచెప్పాలి, ఇప్పుడు నాకంత ఓపిక లేదు. ఆరూ అయ్యాక రా, ఇద్దరం కలిసి నా బోడిగుండు మీద మొలిచే మొదటి వెంట్రుకని చూద్దాం.

వదిన


మార్చి 30

వదినా,

నిన్ను చూసుకోవడానికి వస్తానంటే నన్ను చూసుకోవాల్సి వస్తుందన్నావు. అందులో నిజం ఉంది కాబట్టే గుచ్చుకుంది. రెండు రోజులు జవాబు రాయలేదు. అలిగానని కాదు. సరే, అలిగాను.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను పిల్లలకి చెప్పేది ఒకటుంది. ఏదైనా నిజంగా కొలిస్తే అది కదులుతూ ఉంటుంది. ఒకే మనిషిని ఒకే తక్కెడ మీద పొద్దునా సాయంత్రమూ తూచినా ముల్లు ఒకేచోట ఆగదు. నీ నొప్పి మాత్రం కీమో కీమోకీ, రోజు రోజుకీ మూడు. శుక్రవారం గేటు దగ్గర పాలిపోయి కూర్చున్నప్పుడు మూడు, ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు మూడు.

నిలబడి ఉత్తరం రాస్తున్నావు. మంచం ముందు గదిలోకి వచ్చింది. బాత్రూమ్ గోడకి పైపు వచ్చింది. నీ కాగితంలో మూడు మూడుగానే ఉంది, ఇల్లు మాత్రం మారిపోతోంది.

అబద్ధం చెబుతున్నావని కాదు. నీ మూడు అంటే ఎంతో నాకు తెలియడం లేదు, అంతే. నొప్పి మాత్రలు ఇచ్చారా? వేసుకుంటున్నావా? నిన్ను నడవమన్నది నేను. ఆ మాట తలుచుకుంటే మొహం చెల్లడం లేదు.

నీ
సందేహం


ఏప్రిల్ 13

లెక్కల పంతులమ్మకి,

అబద్ధం అన్నావు. "కాదు" అని చివర తగిలించినా ఆ మాట నీ కలంలోంచే వచ్చింది. నీకు లెక్కలొస్తే నాకు సీసాలొచ్చు. కాబట్టి సీసాల లెక్క చెబుతాను, విను.

నా బల్ల మీద ప్రతి సీసాకీ లోపం మార్కు వేయాలి, సున్నా నుంచి పది దాకా. గాజులో ఆవగింజంత బుడగ ఉంటే ఒకటి. మూతి దగ్గర మసక ఉంటే రెండు. పక్కన చార ఉంటే మూడు. మూడు దాకా సీసా ముందుకి పోతుంది, దాంట్లో మందు పోస్తారు, ఎవరి ఇంటికో చేరుతుంది. నాలుగు వేశామా, పక్కనున్న ఇనప తొట్టిలో పడుతుంది. దభేల్‌మని చప్పుడు. తొట్టి నిండితే మర కింద నలగ్గొట్టి మళ్ళీ కొలిమిలో పోస్తారు. నాలుగుకీ పదికీ తేడా ఏం లేదు. రెండూ తొట్టికే.

ఇరవై ఆరేళ్ళు ఆ చప్పుడు విన్నదాన్ని. నర్సు కలం పట్టుకుని "పదికి ఎంతమ్మా" అంటే నా నోట నాలుగు ఎలా వస్తుంది చెప్పు? నాలుగు అన్నానంటే, "ఈవిడ ఒళ్ళు తట్టుకోవడం లేదు" అని ఇంజెక్షన్ ఆపుతారు. ఇంజెక్షన్ ఆపితే కణాలు రావు. కణాలు రాకపోతే కీమో ఆపుతారు. నన్ను వరసలోంచి తీసి పక్కన పడేస్తారు. ఆరూ పూర్తి చెయ్యాలని ఒట్టు పెట్టుకున్నదాన్ని, నా చేత్తో నేనే నాలుగు వేసుకోనా?

మాత్రలంటావా, ఇచ్చారు. నొప్పి నాలుగు దాటితే వేసుకోమని కాగితంలో ఉంది. కాగితంలో మూడు రాసి మాత్ర మింగితే దొంగతనం కదా. సొరుగులో అట్టలు అట్టలుగానే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఏడో తారీఖున నాలుగో కీమో, ఎనిమిదిన ఇంజెక్షన్. పదిన మొదలైంది. నొప్పి అని నువ్వూ నేనూ అనుకునేది కాదే అది. ఎముక లోపలి నుంచి ఎవరో బయటికి తోస్తున్నట్టు ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తుంటిలో కూడా కొట్టుకుంటుంది. దగ్గొస్తే రొమ్ము ఎముక రెండుగా చీలుతుందేమో అనిపించి దగ్గుని మింగేశాను. పక్కకి తిరగాలంటే దుప్పటి పట్టుకుని ఒక్కో అంగుళం. మెట్లు కూర్చుని దిగాను, ఒక్కో మెట్టూ, చిన్నపిల్లలా. మీ అన్న కింద నిలబడి రెండు చేతులూ చాపి చూస్తున్నాడు. ఆయన మొహం చూసి నాకు నొప్పి కన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఐదోదానికి వెళ్ళను. నాలుగు అయ్యాయి, చాలు. మూడు మూడు అని చెబుతూ ఇంకా రెండుసార్లు ఇది పడలేను. నిజం చెప్పి వాళ్ళు తీసేసేదాకా ఉండటం కన్నా నేనే లేచి రావడం మర్యాద. ఇరవై ఏడున రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరుకి మొహం మీదే చెప్పి వస్తాను. చెప్పకుండా మానేసే అలవాటు నాకు లేదు.

మీ అన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

వదిన


ఏప్రిల్ 17

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి గదిలో తిరుగుతూ. ఆ తర్వాత క్లాసుకి వెళ్ళి నలభై నిమిషాలు ఏం పాఠం చెప్పానో నాకే తెలీదు.

నువ్వు మానేస్తానంటున్నది నొప్పి వల్ల కాదు. నొప్పి అని ఎవరికీ చెప్పకపోవడం వల్ల. ఆరూ పూర్తి చెయ్యడానికని నిజం దాచావు. ఆ దాచిన నిజమే ఇప్పుడు నిన్ను నాలుగు దగ్గర ఆపేస్తోంది.

నర్సు పది, మీ ఫ్యాక్టరీ పది ఒకటి కాదని నాకనిపిస్తోంది. మీ పది సీసాని ఉంచాలా తీసెయ్యాలా అని అడుగుతుంది. వాళ్ళ పది ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అని అడుగుతుంది. నువ్వు మూడు అన్నావు కాబట్టి వాళ్ళు మూడుకి సరిపడా ఊరుకున్నారు. నాకు కచ్చితంగా తెలుసా అంటే తెలీదు. నాకు ఏదీ కచ్చితంగా తెలియదని నీకు తెలుసు. నిజం చెప్పాక కూడా డాక్టరు "ఇక ఇంజెక్షన్ వద్దు" అనవచ్చు. అప్పుడు నీ భయమే నిజమవుతుంది, నేను నీకు శత్రువునవుతాను. అయినా సరే, వాళ్ళు అసలు నొప్పి తెలుసుకుని చెప్పే "వద్దు" వేరు, నువ్వు మూడు అని రాసిన కాగితం చేత్తో పట్టుకుని చెప్పే "వద్దు" వేరు.

నా డిగ్రీ రెండో ఏడాది గుర్తుందా? లెక్కల్లో తప్పి, ఇక చదవనని హాస్టల్లో పక్కబట్టలు చుట్టేశాను. నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఒక్కదానివే బస్సెక్కి వచ్చి నా ట్రంకు పెట్టె మీద కూర్చున్నావు. చదవమనీ అనలేదు, మానమనీ అనలేదు. "నువ్వు పెట్టె తీసుకెళ్ళాలంటే నేను లేవాలి, నాకు లేవాలని లేదు" అన్నావు. సాయంత్రం దాకా కూర్చున్నావు. ఇవాళ నీ పెట్టె మీద కూర్చోవడానికి నేను అక్కడ లేను.

అందుకని ఒక పని చేశాను. మీ నర్సుకి ఉత్తరం రాశాను. నీ మూడు ఏమిటో, మాత్రలు ఎందుకు వేసుకోలేదో, మెట్లు ఎలా దిగావో, అన్నీ. కవరు అంటించి స్టాంపు కూడా వేశాను. ఇరవై మూడో తారీఖు దాకా నా బల్ల మీద ఉంటుంది. ఈలోగా నువ్వే చెప్పానని నాకు తెలియజేస్తే చింపేస్తాను. లేకపోతే పోస్టు చేస్తాను. నీ మాట జవదాటడం నాకు ఇదే మొదటిసారి, అయినా చేస్తాను.

అన్నయ్యకి నేను చెప్పను. ఆ ఒక్క మాటా నిలబెట్టుకుంటాను.

నీ
మరదలు


ఏప్రిల్ 27

చేసేశావు కదా.

ఇరవై మూడుకి నేనేం రాయలేదు నిజమే. బెదిరింపు ఉత్తరాలకి జవాబు రాసే అలవాటు నాకు లేదు. ఇవాళ రక్తపరీక్షకి వెళ్ళాను, మానేస్తున్నానని చెబుదామని. ఏం జరిగిందో రాస్తాను, నీకు తృప్తిగా ఉంటుంది.

నర్సు నా కాగితం అందుకుంది. "ఈసారి ఎంతమ్మా నొప్పి?"

"మూడు."

కలం కింద పెట్టేసింది. "ఒకసారి లేవండి."

"ఎందుకు?"

"బరువు చూడాలి."

లేచాను. ఆవిడ తూకం వైపు కూడా చూడలేదు. "ముందు రెండు చేతులూ కుర్చీ మీద ఆనించారు. కుడికాలు వెనక్కి పెట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి లేచారు. మూడు వాళ్ళు అలా లేవరమ్మా. ఎంత?"

నా అరికాలి మంట నెత్తికెక్కింది. నీ ఉత్తరం అందింది, చదివేసింది, ఇప్పుడు నా చేత చెప్పిస్తోంది అనుకున్నాను. అంతా తెలిసినావిడ ముందు ఇంకా మూడు అని కూర్చుంటే నవ్వులపాలు.

"ఎనిమిది," అన్నాను.

"మాత్రలు ఎన్ని వేసుకున్నారు?"

"ఒక్కటీ లేదు."

"అదేంటి?"

"నాలుగు దాటితేనే వేసుకోమని రాసి ఉంది కదా."

ఆవిడ లేచి వెళ్ళి డాక్టరమ్మని తీసుకొచ్చింది. నేనే ముందు అడిగాను, "అయితే నన్ను తీసేస్తారా?" అని.

"ఎక్కడి నుంచి?" అంది డాక్టరమ్మ.

తొట్టి సంగతి చెప్పాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఇలాంటి నొప్పి చాలామందికి వస్తుందట. దాన్ని తగ్గించడానికి దారులున్నాయట. రేపటి నుంచే ఒక అలర్జీ మాత్ర, దద్దుర్లకి వాడేదే, ఈ ఎముకల నొప్పి కొందరికి దాంతో తగ్గుతుందట, కొందరికి తగ్గదట. నొప్పి మాత్ర గడియారం చూసుకుని వేసుకోవాలి, నొప్పి ముదిరేదాకా ఆగకూడదు. వేసుకునే ముందు ప్రతిసారీ థర్మామీటర్ పెట్టుకోవాలి, మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది కాబట్టి. అప్పటికీ తగ్గకపోతే ఇంకో మందు ఉందట. "మీరు చెబితే కదా మాకు తెలిసేది" అని మూడుసార్లు అంది.

రేపు ఐదోది. వెళ్తున్నాను. నువ్వు చెప్పినందుకు కాదు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చున్నందుకు.

కానీ నా ఒంటి మార్కు నేను వేసుకోవాలి, నేను చెప్పాలి. నా వెనక నుంచి నువ్వు చెప్పేశావు. ఇన్నేళ్ళలో నేను నీ వెనక ఒక్క మాట ఎవరికైనా చేర్చానా? ఇక రాయకు.


మే 1

వదినా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదివి, తర్వాత నీ ఇష్టం.

ఇందులో ఇంకో కవరు పెట్టాను. మీ నర్సుకి రాసింది. అంటించినది అంటించినట్టే ఉంది. స్టాంపు మీద తపాలా ముద్ర ఉందేమో చూడు. లేదు. ఎందుకంటే నేను పంపలేదు.

ఇరవై మూడున కాలేజీ అయ్యాక పోస్టు డబ్బా దగ్గరికి వెళ్ళాను. కవరు సగం లోపలికి పెట్టాను. ఒకావిడ నా వెనక నిలబడి, "వేస్తారా, జరుగుతారా?" అంది. జరిగాను. ఆవిడ తన ఉత్తరం వేసి వెళ్ళిపోయింది. నేను ఇంకాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను. ఇరవై నాలుగున మళ్ళీ వెళ్ళాను. ఇరవై ఐదున వెళ్ళనే లేదు.

నీ మాటకి విలువిచ్చి ఆగానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. అది నిజం కాదు. నీకు కోపమొస్తుందని ఆగాను. నీ ప్రాణం ఒకవైపు, నా మీద నీ కోపం ఒకవైపు పెట్టుకుని, నేను పోస్టు డబ్బా ముందు తూకం వేస్తూ నిలబడ్డాను. ఆ నర్సు నిన్ను కుర్చీలోంచి లేవమనకపోయి ఉంటే నువ్వు ఇవాళ ఇంట్లో కూర్చుని ఉండేదానివి, నేను ఇక్కడ ఈ కవరు చూస్తూ ఉండేదాన్ని. చేయని పనికి తిట్లు తిన్నానని నాకు బాధ లేదు. చేసి తినాల్సిన తిట్లు అవి.

ఐదోది అయిందా? ఎన్ని? నాకు రాయకపోయినా ఫర్వాలేదు, నర్సుకి చెప్పు. అసలు అంకె చెప్పు.

మీ
మరదలు


మే 16

మరదలా,

ఇక రాయకు అన్న మాట కొట్టేశాను. నీ దగ్గరున్న ఆ కాగితం తీసి, ఆ చివరి ముక్క మీద నువ్వే ఒక గీత పెట్టెయ్. నీ చేతిలో ఎర్ర కలం ఎలాగూ ఉంటుంది.

నీ కవరు అందిన రోజే మీ అన్న వ్యాన్‌లో వెళ్ళి నర్సుని అడిగాను, "మీకు ఏదైనా ఉత్తరం వచ్చిందా?" అని. "ఏం ఉత్తరం?" అంది. పదహారేళ్ళుగా ఆ గదిలో మనుషులు కుర్చీల్లోంచి లేవడం చూస్తోందట. మీరు చెప్పే అంకె ఒక చెవిన వింటాను, మీరు లేచే తీరు రెండు కళ్ళా చూస్తాను అంది. నాకు సిగ్గేసింది. నేను వెలుతుర్లో సీసాలు చూసేదాన్ని, ఆవిడ మనుషుల్ని చూస్తుంది, నన్నెవరూ చూడరని నేనెలా అనుకున్నాను?

నీ ఉత్తరం విప్పి చదివాను. నాకు రాసింది కాకపోయినా నా గురించే కదా. నన్ను అంత మంచిదానిలా రాశావేమే, చదువుతుంటే ఎవరో పోయినట్టుంది. మీ అన్నకి ఇచ్చాను. ఆయన మొత్తం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, కుళాయి బాగు చేసే పనుందని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఏ కుళాయీ పాడవలేదు.

ఇక ఐదో దాని సంగతి. అలర్జీ మాత్ర వేసుకున్నాను. నొప్పి మాత్ర ఆరు గంటలకోసారి, ముందు థర్మామీటర్, తర్వాత మాత్ర. మీ అన్న అలారం పెట్టుకున్నాడు, అది మోగితే ఎక్కడున్నా ఫోన్ చేసి "థర్మామీటర్!" అని అరిచి పెట్టేస్తాడు. నొప్పి మొదటి రోజు ఆరు. రెండో రోజూ ఆరే. మూడో రోజు నాలుగు. తర్వాత రెండు. పోలేదు, పోతుందని కూడా ఎవరూ చెప్పలేదు. కానీ ఆరు మీద మనిషి పక్కకి తిరగగలదు. దగ్గగలదు. మెట్లు నిలబడి దిగాను, పైపులాంటిదే ఇంకోటి మెట్ల పక్కన కూడా వచ్చింది, దాన్ని పట్టుకుని. మూడు దాటిన అంకె మొదటిసారి కాగితం మీద రాసినప్పుడు చెయ్యి ఆగింది. రాసేశాను. ఏ చప్పుడూ రాలేదు.

అంతా సవ్యంగా జరిగిందని రాస్తే నువ్వు నమ్మవు, నమ్మకు. ఏడో తారీఖు పొద్దున, మాత్రకి ముందు థర్మామీటర్ పెట్టుకుంటే నూటొకటి. ఒంట్లో నాకేమీ తెలియలేదు. మాత్ర పక్కన పెట్టేసి, ఆసుపత్రికి ఫోన్ చేసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాం. కణాలు బాగా పడిపోయాయట. మూడు రోజులు ఉంచుకున్నారు, సెలైన్ పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఈ అలవాటు లేకపోతే, మాత్ర వేసుకుని జ్వరం తగ్గిందనుకుని ఇంట్లో పడుకుని ఉండేదాన్ని. ఆ మాట డాక్టరమ్మ నాతో నెమ్మదిగా చెప్పింది, మీ అన్నతో గట్టిగా చెప్పింది.

ఆరోది పంతొమ్మిదిన కాదు, ఇరవై ఆరుకి జరిపారు. వారం వెనక్కి. వినగానే నా మొహం మాడిపోయింది. "తీసెయ్యడం కాదమ్మా, జరపడం" అంది డాక్టరమ్మ. ఇప్పుడు నాకు ఆ తేడా తెలుసు. కణాలు మళ్ళీ పడకుండా ఈసారి కూడా ఇంజెక్షన్ తప్పదట. నొప్పి తప్పదని కూడా చెప్పింది. నేను "సరే" అన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, పళ్ళు బిగించుకుని కూడా అనలేదు. మామూలుగా సరే అన్నాను. ఆరూ పూర్తి చేస్తాను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు పోస్టు డబ్బా ముందు నిలబడి వచ్చేసినందుకు నాకు కోపం లేదు. నువ్వు పంపి ఉంటే ఇంకా కోపంగానే ఉండేదాన్ని, పంపనందుకు సంతోషంగానూ లేను. ఇద్దరం ఒకటే చేశాం. నేను డాక్టరమ్మ దగ్గర దాచాను, నువ్వు నా దగ్గర దడిశావు. ఈ లెక్కలో ఎవరికి ఎన్ని మార్కులో నువ్వే వేసుకో.

సెలవు పెట్టు. ఇరవై ఆరు కీమో, ఇరవై ఏడు ఇంజెక్షన్. ఆ రెండు రోజులూ నేను బాగానే ఉంటాను, అప్పుడు రావద్దు. జూన్ మొదటి వారంలో అందరూ చూడటానికి వస్తామంటున్నారు, ఫ్యాక్టరీ వాళ్ళు కూడా. అప్పుడూ వద్దు. అప్పుడు ముస్తాబై, తలకి రుమాలు కట్టుకుని, నవ్వుతూ కూర్చుంటాను.

నువ్వు ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి ఉండు. ఆ మూడు రోజులూ పెద్దగా మూలుగుతాను. నీకు చేసే పని ఏమీ ఉండదు, సర్దిచెప్పేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు. పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చోవాలి.

వదిన